మాలు అడిగితే ఇటుక

(అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయం కార్యదర్శిగారికి, నాకంటే ముందు మాట్లాడి నా టైమ్‌లో సగం వాడేసుకున్న మాస్టారుగారికి, శాలువాలు మోసుకొచ్చిన పిల్లలకు, సమోసాలు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్న వెనక బెంచీలవాళ్లకు నమస్కారం. ఎవరినైనా మరిచిపోతే ఏమీ అనుకోకండి.

తల్లిభాష గొప్పదనం మీద పది నిమిషాలు చెప్పమన్నారు. నేను మాస్టారును కాదు, మేస్త్రీని. గోడల గురించైతే నాకు తెలుసు. అందుకని గోడ దగ్గరే మొదలుపెడతా.

బైబిల్లో ఆదికాండం 11వ అధ్యాయం. కథంతా తొమ్మిది వచనాలే. అప్పుడు లోకమంతా ఒకే భాష. జనం షీనారు మైదానానికి వచ్చి, ఇటుకలు కాల్చి, ఆకాశాన్నంటే గోపురం కట్టబోయారు. దేవుడు దిగివచ్చి వాళ్ల మాటలు తారుమారు చేశాడు. ఒకడి మాట ఇంకొకడికి అర్థం కాక ఊరు కట్టడం ఆపేసి తలోదిక్కుకు పోయారు. గోపురం కూలిపోయిందని చాలామంది అనుకుంటారు గానీ ఆ వచనాల్లో కూలినట్టు లేదు. పని ఆగింది, అంతే.

తెలుగు బైబిల్లో అక్కడ 'అడుసునకు ప్రతిగా మట్టికీలు' అని ఉంటుంది. కీలు అంటే తారు. రాసినవాడు ఎవరో గానీ పని చూసి రాశాడు. అంత ఖచ్చితంగా ఎలా చెప్తున్నావంటారా? ఆ తారును నేను గోటితో గీకి చూశాను.

1982లో ఇరాక్ పోయాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. హిల్లా దగ్గర ఇళ్లు కట్టే పని. బాగ్దాద్‌కు దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్లు. పక్కనే బాబిలోన్, ఈ గోపురం కథ జరిగిందని చెప్పే ఊరు. ఒక శుక్రవారం సెలవు చూసుకుని నలుగురం పోయాం. పాత గోడలో ఇటుకకూ ఇటుకకూ మధ్య నల్లటి గీత కనబడింది. అది నీడేమో అనుకుని వేలు పెట్టాను. ఎండకు మెత్తబడ్డ తారు గోటికి అంటుకుంది. ఇటుకలను అతికించేదాన్ని మేం మాలు అంటాం. ఇది రెండున్నర వేల ఏళ్ల మాలు! మనం నిరుడు కట్టిన గోడలకే బీటలు వస్తుంటే...

గోపురం చూపించమని అక్కడి కాపలాదారును అడిగితే నీళ్లు నిండిన ఒక గుంత చూపించాడు. చుట్టూ రెల్లు, కప్పల అరుపులు. ఎటెమెనాంకి అనే గోపురం ఉన్న చోటు అదే. ఆ పేరుకు భూమ్యాకాశాల పునాది ఇల్లు అని అర్థం. మర్దూక్ దేవుడి గోపురం అది. ఒక్కో పక్క 91 మీటర్లు. ఎత్తు కూడా అంతేనని ఒక మట్టిపలక లెక్క చెబుతుంది. బాబిలోన్ రాజు నెబుకద్నెజర్ పూర్తి చేయించాడు. తర్వాత అది శిథిలమైంది. మళ్లీ కట్టిద్దామని అలెగ్జాండర్ ఆ శిథిలాలు తీయించాడు, కట్టకుండానే క్రీ.పూ. 323లో అదే ఊళ్లో చనిపోయాడు. మిగిలిన ఇటుకలు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇళ్లకు మోసుకుపోయారు. మోసినవాళ్లను నేను తప్పుపట్టను, కాల్చిన ఇటుక ఎవరికి చేదు?

బాబిలోన్ అనే పేరుకు వాళ్ల భాషలో 'దేవుడి వాకిలి' అని అర్థం. మన గోపురం కూడా గుడి వాకిట్లోనే కదా నిలబడేది! హీబ్రూవాళ్లు మాత్రం ఆ పేరును తమ 'బాలల్' అన్న మాటతో ముడిపెట్టారు. బాలల్ అంటే కలగాపులగం చేయడం. ఊరి పేరు మీద పుట్టిన కథ అన్నమాట.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. వినండి, వెనకవాళ్లు కూడా. ఈ గోపురం పనికి ఎన్నో దేశాల జనాన్ని రప్పించానని నెబుకద్నెజర్ తన శాసనంలో చెప్పుకున్నాడు. జర్మన్లు తవ్వినప్పుడు ఆ ఊళ్లోనే కొన్ని మట్టిపలకలు దొరికాయి. ఎవరికి ఎంత నూనె కొలిచి ఇచ్చారో రాసిన లెక్కలవి. వాటిలో చెరపట్టి తెచ్చిన యూదా రాజు యెహోయాకీను ఉన్నాడు, ఈజిప్టువాళ్లు ఉన్నారు, గ్రీకు వడ్రంగులు ఉన్నారు. అంటే గోపురం లేచే రోజుల్లోనే ఆ ఊరు నిండా రకరకాల భాషలు. అన్ని భాషల మధ్యే గోపురం పూర్తయింది. మరి భాషలు ఎక్కువై పని ఆగిందని ఎలా నమ్మమంటారు?

మా సైట్లో ఈజిప్టువాళ్లు, పాకిస్తానీలు, మేం తెలుగోళ్లం ఉండేవాళ్లం. యూదు పండితుడు రాషీ ఈ కథకు వ్యాఖ్యానం రాస్తూ, ఒకడు ఇటుక అడిగితే ఇంకొకడు మాలు తెచ్చాడు, అడిగినవాడు లేచి వాడి తల పగలగొట్టాడు అంటాడు. మొదటి వారం మాకూ అదే తంతు. 'తాబూక్' అంటే ఇటుక అని తెలియక నేను మాలు తట్ట ఎత్తుకుపోయాను. ఆ ఈజిప్టు ముసలాయన తల పగలగొట్టలేదు. ఇటుక చేతికిచ్చి 'తాబూక్' అన్నాడు. నేను 'ఇటుక' అన్నాను. నెల తిరిగేసరికి ఆయన నన్ను 'రసమట్టం తే' అని తెలుగులో కేకేసేవాడు!

యూదుల పాత కథ ఇంకొకటి ఉంది. ఆ గోపురం మీంచి మనిషి పడిపోతే ఎవరూ పట్టించుకునేవారు కాదట. ఇటుక పడితే మాత్రం, మళ్లీ ఇంకో ఇటుక పైకి ఎప్పుడొస్తుందని కూర్చుని ఏడ్చేవారట. ఆ కథ మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా సైట్లో ఏం జరిగిందో ఇక్కడ చెప్పను. పోయినవాడి తమ్ముడు ఈ ఊళ్లోనే ఉన్నాడు.

పది నిమిషాలు అయిపోయాయని చీటీ పంపారు. చూశాను సార్, ఇంకొక్క మాట.

భాషల గురించి ఈ గోపురం కథ కంటే పాత కథ సుమేరువాళ్లది. ఇరాక్ దక్షిణాన ఒకప్పుడు ఉన్న జనం వాళ్లు. ఎన్మెర్కర్ అనే రాజు అరట్ట దేశపు రాజు మీదికి దూతను పంపుతాడు. ఎన్కి దేవుడు మనుషుల నోళ్లలో మాటలు మార్చే ముచ్చట అందులో వస్తుంది. ఒకప్పుడు అందరిదీ ఒకే భాష అన్నారా, ముందుముందు ఒకే భాష అవుతుందన్నారా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు నచ్చింది అది కాదు. సందేశం మరీ పెద్దదై దూత నోరు బరువెక్కి చెప్పలేకపోతాడు. అప్పుడు రాజు గుప్పెడు మట్టి తీసుకుని, తట్టి, దాని మీద మాటలు రాసి పంపిస్తాడు. రాత అలా పుట్టిందట. చూడండి, అది కూడా మా మట్టిపనే.

ఆ రాతే నన్ను ముంచింది. 1985లో సెలవు మీద ఇంటికొస్తుంటే ఆఫీసులో అరబ్బీ కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. జీతం లెక్క అన్నారు. చేశాను. తిరిగి వెళ్దామని అడిగితే, లెక్కంతా ముట్టిందని నువ్వే రాసిచ్చావుగా అన్నారు. ఏడు నెలల జీతం పోయింది. ఎవరికి చెప్పుకోను? మాలు, ఇటుకల దగ్గర మాకు భాష అడ్డం రాలేదండీ. కాగితం దగ్గరే వచ్చింది.

ఆ కాగితం పోయిందనుకున్నాను. మొన్న సంక్రాంతికి ఇంటికి సున్నం వేయిస్తుంటే ట్రంకుపెట్టె అడుగున దొరికింది. ఇదిగో, ఈ కవరులో ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది, మెల్లగా పట్టుకోండి. అరబ్బీ చదవగలిగే తమ్ముళ్లు ఇక్కడ ఇద్దరున్నారని కార్యదర్శిగారు చెప్పారు. కింద తెలుగులో ఉన్న సంతకం నాది. పైన ఏం రాసుందో చదవండి. మైకులో వద్దు, సమోసాలు తినేటప్పుడు నా పక్కకొచ్చి చెప్పండి.