ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో ఏఎస్‌యూ బిల్డింగులు, బెడ్ లీజులు: సంతకం పెట్టేముందు చూడాల్సినవి

నమస్తే అండీ! ఇప్పుడు మనం ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో, సివిక్ స్పేస్ పార్కులో ఉన్నాం. పైన వేలాడుతున్న ఆ పెద్ద వల జానెట్ ఎకెల్‌మన్ చేసిన శిల్పం. రోడ్డుకి అటుపక్క ఆరంతస్తుల బిల్డింగు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ (ఏఎస్‌యూ) వాళ్ల జర్నలిజం స్కూలు, వాల్టర్ క్రాంకైట్. దానికి అవతల గోర్డన్ కామన్స్ హాస్టల్, పాత పేరు టేలర్ ప్లేస్. దగ్గర్లోనే ఉన్న పాత పోస్టాఫీసు ఇప్పుడు స్టూడెంట్ సెంటర్ అయింది. ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టర్‌కి వచ్చేవాళ్లు చాలామంది డౌన్‌టౌన్‌లో స్పాట్, అంటే షేరింగ్‌లో ఒకరికి చోటు, తీసుకోవచ్చా అని అడుగుతున్నారు. తీసుకోవచ్చు. కాకపోతే మీరుండబోయే బిల్డింగు ఎవరిదో ముందు తెలుసుకోండి, లీజంతా దాన్నిబట్టే ఉంటుంది.

2006 మార్చిలో సిటీ బాండ్లతో అప్పు తెచ్చుకోవడానికి జనం ఓటేశారు. అందులో 22.3 కోట్ల డాలర్లు ఈ క్యాంపస్‌కే. అదే ఏడాది ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి. 2008 డిసెంబర్‌లో లైట్ రైల్ వచ్చింది, 2016లో లా స్కూల్ టెంపీ నుంచి ఇక్కడికి మారింది, 2021లో 16 అంతస్తుల ఫ్యూజన్ ఆన్ ఫస్ట్ హాస్టల్ తెరిచారు. చుట్టుపక్కల ప్రైవేట్ టవర్లు లేవడానికి ఇంకో కారణం, ఇక్కడ జీపీలెట్ అనే పన్ను పద్ధతి. బిల్డింగు టైటిల్ సిటీ పేరు మీద ఉంటుంది, బిల్డర్ లీజుకి తీసుకుని ప్రాపర్టీ ట్యాక్స్ బదులు ఎక్సైజ్ ట్యాక్స్ కడతాడు. డౌన్‌టౌన్‌లో దాన్ని మొదటి 8 ఏళ్లు మాఫీ కూడా చెయ్యొచ్చు. అలా తగ్గేది స్కూళ్లకి వెళ్లాల్సిన డబ్బు కాబట్టి ఊళ్లో దీనిమీద గొడవ ఉంది. ఆ గొడవలో న్యాయం ఉందనే మా అభిప్రాయం.

అసలు మీ క్లాసులు ఎక్కడో చూసుకున్నారా? ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ ఎక్కువగా టెంపీలో, కొన్ని కోర్సులు మీసాలోని పాలిటెక్నిక్‌లో. డౌన్‌టౌన్‌లో నర్సింగ్, హెల్త్, జర్నలిజం, లా, పబ్లిక్ సర్వీస్. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని క్లాస్ సెర్చ్‌లో ప్రతి సెక్షన్ పక్కనా క్యాంపస్ పేరుంటుంది, అది చూడకుండా లీజు మీద సంతకం పెట్టొద్దు. టెంపీకి యూనివర్సిటీ షటిల్ ఉంది, రైలూ ఉంది. 2025 జూన్ నుంచి లైట్ రైల్ రెండు లైన్లయింది. టెంపీ నుంచి వచ్చే 'A' లైన్ డౌన్‌టౌన్ హబ్ స్టేషన్ దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి నాలుగైదు బ్లాకులు నడవాలి, లేదంటే 'B' లైన్ ఎక్కాలి. నవంబర్‌లో ఆ నడక ఒక లెక్కే కాదు. 2023లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఎండ కాసిన ఊరిది, ఆగస్టులో మధ్యాహ్నం పూట ఆ నాలుగు బ్లాకులే చుక్కలు చూపిస్తాయి.

ఇక లీజు సంగతి. యూనివర్సిటీ నడిపే హాస్టలైతే అకడమిక్ ఇయర్‌కే ఒప్పందం, మే నెలలో ఖాళీ చెయ్యాలి. చదువుకి అనుబంధంగా సంస్థలిచ్చే వసతిని అరిజోనా ల్యాండ్‌లార్డ్ టెనెంట్ చట్టం పరిధిలోంచి తప్పించారు. అందుకని హాస్టల్లో యూనివర్సిటీ కాగితంలో రాసిందే రూలు.

ప్రైవేట్ స్టూడెంట్ టవర్‌లో బెడ్ లెక్కన లీజిస్తారు. మీ గదికి మీ సంతకం, రూమ్మేట్ రెంట్ ఎగ్గొడితే మీమీద పడదు. మామూలు అపార్ట్‌మెంట్‌లో నలుగురూ కలిసి సంతకం పెడితే మాత్రం మొత్తం రెంటుకి ఒక్కొక్కరూ బాధ్యులే. బెడ్ లీజులో మనవాళ్లు దెబ్బతినేది తేదీల దగ్గర. మొత్తం రెంట్‌ని 12 సమాన వాయిదాలు చేస్తారు కానీ మీరు ఉండేది 12 నెలలు కాదు. ఉదాహరణకి ఆగస్టు 18న మొదలై జూలై 31కి అయిపోతుందనుకోండి, ఆగస్టు వాయిదా పూర్తిగా కట్టాల్సిందే. అరనెల రెంటే కడతానంటే కుదరదు, ఎందుకంటే అది నెల రెంట్ కాదు, మొత్తంలో పన్నెండో వంతు. రెన్యూ చేసి గది మారితే జూలై ఆఖరు నుంచి ఆగస్టు మధ్య వరకు సామానుతో సహా రోడ్డు మీద ఉంటారు. ఫ్లైట్ టికెట్ బుక్ చేసేముందే మూవ్-ఇన్ తేదీ చూసుకోండి.

ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఖాళీ బెడ్‌లోకి ఎవర్ని పంపాలన్నది మేనేజ్‌మెంట్ ఇష్టం, మిమ్మల్ని ఇంకో యూనిట్‌కి మార్చే క్లాజ్ కూడా చాలా లీజుల్లో ఉంటుంది. కరెంటుకి నెలకింత అని పరిమితి పెట్టి, దాటితే తలా ఇంతని పంచుతారు. హాల్లో ఎవరు గోడ పాడుచేసినా, ఎవరో తేలకపోతే అందరికీ పంచుతారు. మధ్యలో వెళ్లిపోవాలంటే రీలెట్ చెయ్యాలి, అంటే మీ లీజుని ఇంకొకరికి అప్పజెప్పాలి. ఆ మనిషిని వెతకాల్సింది మీరే, ఫీజూ మీదే, కొత్త మనిషి సంతకం పెట్టేదాకా వాయిదాలు కూడా మీవే.

ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) లేదు, క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి గ్యారంటర్, అంటే మీరు కట్టకపోతే కడతానని పూచీ ఇచ్చే మనిషి, కావాలంటారు. అమెరికాలో ఎవరూ లేకపోతే ఫీజు తీసుకుని గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. కొన్నిచోట్ల "ఆరు నెలలు ముందే కట్టండి" అంటారు. ఇక్కడ చట్టం తెలిసుండాలి. అరిజోనాలో డిపాజిట్, అడ్వాన్స్ రెంట్ కలిపి నెలన్నర రెంట్ కంటే ఎక్కువ కట్టి తీరాలని ఓనర్ అడగకూడదు. మీ అంతట మీరు ఇస్తే మాత్రం తీసుకోవచ్చు. "ఇది తప్పనిసరా, నా ఇష్టమా" అని ఈమెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి. తిరిగి రాని ఫీజు ఏదైనా సరే అలాగని రాతలో ఉండాలి, లేకపోతే అది తిరిగొచ్చే డబ్బు కిందే లెక్క. 2025 జనవరి 1 నుంచి ఇళ్ల అద్దెమీద సిటీ ట్యాక్స్ ఎత్తేశారు, ముప్పై రోజులు దాటిన లీజులో ఆ లైన్ కనిపిస్తే అడగండి.

తాళం ఇచ్చిన రోజు సంతకమైన లీజు కాపీ, ఉన్న డ్యామేజీలు రాసే ఫారం ఓనర్ ఇవ్వాలి. పరుపు అడుగు, బ్లైండ్స్, బాత్రూంలో టైల్స్ అంచులకి పూసే సీలెంట్, కార్పెట్ మూలలు ఫోటోలు తీసి ఫారంతో కలిపి ఈమెయిల్ చెయ్యండి. ఖాళీ చేశాక మీ కొత్త అడ్రస్ ఇచ్చి డిపాజిట్ రాతపూర్వకంగా అడిగితే, శని, ఆదివారాలు, సెలవులు తీసేసి 14 రోజుల్లో లెక్క పంపాలి. ఆ లెక్క నచ్చకపోతే 60 రోజుల్లోపే అభ్యంతరం చెప్పాలి. ఈలోపు ఇండియా వెళ్లిపోతున్నారా, ఇక్కడున్న స్నేహితుల అడ్రస్ ఇవ్వండి.

చివరిగా ఏసీ. ఫీనిక్స్ సిటీ కోడ్ ప్రకారం అద్దె ఇంట్లో ఏసీ గదిని 82 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, నీళ్లతో చల్లబరిచే ఎవాపరేటివ్ కూలర్ అయితే 86కి తేగలగాలి. వెంట్ దగ్గర చెయ్యిపెట్టి చూస్తే తేలదు. కొలవాల్సింది గది మధ్యలో, నేల నుంచి మూడడుగుల ఎత్తులో. అక్కడ థర్మామీటర్ పెట్టి, టైం కనిపించేలా ఫోటో తీసి, మెయింటెనెన్స్ యాప్‌తో పాటు ఈమెయిల్ కూడా పెట్టండి. ఓనర్ నిర్లక్ష్యం వల్ల కూలింగ్ లేదని నోటీసిచ్చి వేరేచోట ఉండాల్సొస్తే, ఆ రోజులకి రెంట్ కట్టక్కర్లేదని రాష్ట్ర చట్టం చెబుతోంది. ఫ్రంట్ డెస్క్‌లో నోటిమాటగా చెప్పి వదిలేస్తే మాత్రం చెప్పినట్టు రుజువు చెయ్యడం కష్టం.