ఆటను చదివిన డిఫెండర్: కార్లెస్ పుయోల్

అందరికీ నమస్కారం.

స్పెయిన్ ఫుట్‌బాల్ డిఫెండర్ పుయోల్ పేరు చెప్పగానే బార్సిలోనా క్లబ్ అభిమానులకు భుజాల మీద ఎగిరే ఆ ఉంగరాల జుట్టు, చేతికి కెప్టెన్ పట్టీ, దెబ్బ తగులుతుందని తెలిసి కూడా బంతికి అడ్డంగా దూకే తెగువ గుర్తొస్తాయి. ఆ తెగువ నిజమే. కానీ పదిహేను సీజన్లు అంత పెద్ద క్లబ్‌కు ఆడిన మనిషిని ‘మొండి ధైర్యం’ అనే ఒక్క మాటతో సరిపెట్టేయడం అన్యాయమని నా అభిప్రాయం. బుర్రంతా అదే జట్టు మిడ్‌ఫీల్డర్లు షావీది, ఇనియెస్తాది, చెమట మాత్రం పుయోల్‌ది అన్నట్టు రాస్తుంటారు. నేను ఇవాళ దాన్ని ఖండించడానికే వచ్చాను. పుయోల్ గొప్ప డిఫెండర్ అయింది ఆటను చదవడం వల్ల. ఆ చదువు అతనికి చాలా వంకర దారిలో వచ్చింది.

స్పెయిన్‌లోని కాటలోనియాలో పిరనీస్ కొండల దాపున లా పోబ్లా దె సెగూర్ అని చిన్న ఊరు ఉంది. అక్కడ 1978 ఏప్రిల్ 13న పుట్టాడు. చిన్నతనంలో గోల్‌కీపర్. భుజాలు ఇబ్బంది పెడితే గోల్ వదిలేసి, ముందుండి గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడాడు. 1995లో బార్సిలోనా అకాడమీ లా మాసియాలో చేరేసరికి 17 ఏళ్లు. షావీ 11 ఏళ్లకు, ఇనియెస్తా 12 ఏళ్లకు చేరిన చోటు అది. అక్కడ లెక్క ప్రకారం పుయోల్ బాగా ఆలస్యంగా వచ్చినవాడు. వచ్చాక మిడ్‌ఫీల్డ్‌లో వెనక వైపు ఆడించారు, ఆ తర్వాత డిఫెన్స్‌లో కుడి అంచున ఉండే రైట్ బ్యాక్‌కు మార్చారు. డిఫెన్స్ మధ్యలో నిలిచే సెంటర్ బ్యాక్ అయింది చివరికి.

ఇన్ని చోట్లకు మారడాన్ని స్థిరత్వం లేకపోవడంగా చూసేవాళ్లు ఉంటారు. నాకైతే అదే అతని బలం అనిపిస్తుంది. గోల్‌లో నిలబడినవాడికి షాట్ ఏ కోణంలో వస్తే ప్రమాదమో తెలుస్తుంది. ఫార్వర్డ్‌గా ఆడినవాడికి, డిఫెండర్ తల తిప్పిన క్షణంలో వెనక నుంచి జారుకోవడం ఎంత తేలికో తెలుస్తుంది. ఆ రెండూ తెలిసినవాడు డిఫెన్స్‌లోకి వస్తే ఎదుటివాడి ఆలోచన అతనికి ముందే అందుతుంది.

1998లో అతన్ని మలాగా క్లబ్ అడిగింది, బార్సిలోనా సరేనంది. పుయోల్ వెళ్లనన్నాడు. అదే ఏడాది స్నేహితుడు షావీ సీనియర్ జట్టులోకి వచ్చాడు. వాడికి దారి దొరికింది కదా, నాకూ దొరుకుతుందని పట్టుబట్టి ఆగాడు. 1999 అక్టోబర్ 2న వయ్యదోలిద్ జట్టు మీద, లూయీ వాన్ గాల్ కోచ్‌గా ఉండగా, మొదటి లీగ్ మ్యాచ్ ఆడాడు.

మరుసటి ఏడాది అక్టోబర్‌లో వచ్చిన పరీక్ష వేరు. లూయిస్ ఫీగో ఆ వేసవిలోనే బార్సిలోనా వదిలి రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. అతను రియల్ తెల్ల చొక్కాలో బార్సిలోనా మైదానం కాంప్ నౌలో అడుగుపెట్టిన రాత్రి ఆ మైదానం ఎంత కోపంతో ఊగిపోయిందో చరిత్రలో ఉంది. ఫీగోను వదలకుండా అంటిపెట్టుకోమని 22 ఏళ్ల పుయోల్‌కు అప్పగించారు. ఫీగో కుడి అంచుకు వెళ్తే అక్కడికి, మధ్యకు వస్తే మధ్యకు. బార్సిలోనా 2–0తో గెలిచింది. ఫీగోకు ఆడే చోటే దొరకలేదు. ఆ కోపంలో కొట్టుకుపోయి ఉంటే పుయోల్ పది నిమిషాల్లో కార్డు తెచ్చుకునేవాడు. అలా జరగనివ్వలేదు. అతని తొలి రోజుల్లో నాకు అన్నింటికంటే విలువైనదిగా కనిపించేది ఆ రాత్రి చూపిన నిగ్రహమే.

తర్వాతి సంగతి చాలామంది మర్చిపోతారు. మొదటి ఐదు సీజన్లలో అతనికి ఒక్క ట్రోఫీ కూడా లేదు. 2002–03లో బార్సిలోనా లీగ్‌లో ఆరో స్థానంలో నిలిచింది. కోచ్‌లు మారారు, అధ్యక్షులు మారారు. ఆ సీజన్‌లోనే యూరప్ క్లబ్‌ల పోటీ చాంపియన్స్ లీగ్‌లో లోకోమోటివ్ మాస్కో ఆటగాడు గోల్ వైపు కొట్టిన బంతికి, కీపర్ దాటిపోయిన తర్వాత, పుయోల్ ఛాతీ అడ్డుపెట్టాడు. బంతి సరిగ్గా చొక్కా మీది క్లబ్ గుర్తుకు తగిలింది. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతోంది. అందరూ అందులో త్యాగం చూస్తారు. నన్నడిగితే అతని కాళ్లు ఎక్కడున్నాయో చూడమంటాను. కీపర్ ముందుకు వచ్చినప్పుడు ఖాళీ అయ్యే చోటు ఏదో తెలిసినవాడే అక్కడ ఉంటాడు. చిన్నప్పుడు గోల్‌లో నిలబడిన పిల్లవాడే అక్కడికి చేరుకున్నాడు.

2004లో లూయిస్ ఎన్రీకె ఆట మానేశాక కెప్టెన్ పట్టీ 26 ఏళ్ల పుయోల్‌కు వచ్చింది. మరుసటి ఏడాది లీగ్ గెలిచారు, 2006లో పారిస్‌లో ఆర్సెనల్‌ను 2–1తో ఓడించి చాంపియన్స్ లీగ్ గెలిచారు. 2008లో పెప్ గార్డియోలా కోచ్‌గా వచ్చాక అతని పని ఇంకా కఠినమైంది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ జట్టు అందాన్ని పొగిడేవాళ్లు వెనక ఏం జరిగేదో అంతగా చూడరు.

గార్డియోలా జట్టులో రైట్ బ్యాక్ డానీ అల్వెస్ సగం సమయం ఫార్వర్డ్‌లాగే ముందుండేవాడు. మొత్తం జట్టు ఎదుటివాళ్ల సగంలోకి వెళ్లి కూర్చునేది. అంటే డిఫెండర్లు మధ్య గీత దగ్గర నిలబడాలి, వాళ్ల వెనక నలభై యాభై మీటర్ల ఖాళీ. బంతి పోతే ఆ ఖాళీలోకి ప్రత్యర్థి దౌడు తీస్తాడు. అక్కడ పరుగొక్కటే సరిపోదు. బంతి పోకముందే, పోయేలా ఉందని పసిగట్టి రెండడుగులు వెనక్కి వేసి ఉండాలి. ఆ రెండడుగులు టీవీలో కనిపించవు, కెమెరా బంతితో ఉంటుంది. పుయోల్ రోజూ ఆ అడుగులు వేశాడు. 2009 మేలో రోమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఫైనల్‌కు అల్వెస్, మరో డిఫెండర్ అబిదాల్ ఇద్దరూ సస్పెన్షన్‌లో ఉంటే, పుయోల్ మళ్లీ పాత రైట్ బ్యాక్ చోటుకు వెళ్లి ఆడాడు. 2–0తో గెలిచారు. అదే నెల మొదట్లో మాడ్రిడ్‌లో రియల్‌ను 6–2తో ఓడించిన మ్యాచ్‌లో షావీ ఫ్రీ కిక్‌కు తలతో గోల్ కొట్టి, కెప్టెన్ పట్టీని ముద్దు పెట్టుకున్నాడు.

డిఫెన్స్‌లో అతని పక్కన జెరార్డ్ పీకే. పుయోల్ కంటే దాదాపు తొమ్మిదేళ్లు చిన్నవాడు, చాలా పొడుగు, కాలితో బంతిని అద్భుతంగా ఆడగలవాడు, ఒక్కోసారి ఏమరపాటుగా ఉండేవాడు. నాలుగు గోల్స్ ఆధిక్యంలో ఉన్నా పుయోల్ వెనక నుంచి తన పేరు పెట్టి అరుస్తూనే ఉండేవాడని పీకేనే చెప్పాడు. డిఫెన్స్‌లో నోరు కూడా కాళ్లంత ముఖ్యం. మన పిల్లలకు నేర్పేటప్పుడు మనం దీన్ని పూర్తిగా వదిలేస్తున్నాం. మన మైదానాల్లో పదిహేనేళ్ల పిల్లలు డిఫెన్స్‌లో నోరు మూసుకుని ఆడుతుంటే నాకు బాధేస్తుంది. తప్పు పిల్లలది కాదు, మాట్లాడమని ఎవరూ చెప్పరు.

ఇక 2010 ప్రపంచ కప్పు. స్పెయిన్ మొదటి మ్యాచ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో 0–1తో ఓడింది. ఆ తర్వాత నాకౌట్‌లో పోర్చుగల్, పరాగ్వే, జర్మనీ, నెదర్లాండ్స్, నాలుగింటినీ 1–0తోనే గెలిచింది. మొత్తం ఏడు మ్యాచ్‌ల్లో స్పెయిన్ గోల్‌లోకి వెళ్లినవి రెండే రెండు బంతులు. ఒక్క గోల్‌తో ప్రపంచ కప్పు గెలవాలంటే వెనక గోడ ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి.

జూలై 7న డర్బన్‌లో సెమీఫైనల్. జర్మనీ అంతకు ముందు ఇంగ్లండ్ మీద నాలుగు, అర్జెంటీనా మీద నాలుగు కొట్టి వచ్చింది. 73వ నిమిషంలో ఎడమ వైపు నుంచి షావీ కార్నర్ కొట్టాడు. పుయోల్ ఎత్తు 178 సెంటీమీటర్లే. పెనాల్టీ ప్రాంతంలో అతనికంటే పొడుగువాళ్లు ఎందరో. కానీ అతను గోల్ ముందు నిలబడలేదు. బాగా వెనక నుంచి పరుగెత్తుకొచ్చి, నిలబడి ఎగిరేవాళ్లందరి మీదుగా లేచి తలతో కొట్టాడు. పక్కన పీకే కూడా లేచాడు, అతన్ని తోసుకుంటూ పుయోల్ పైకి వచ్చాడు. పొడుగును పరుగుతో గెలవడమంటే అదే. స్పెయిన్‌కు ఆడిన 100 మ్యాచ్‌ల్లో అతను కొట్టింది మూడే గోల్స్, అందులో ఆఖరిది ఇది.

2011 మేలో వెంబ్లీ. మళ్లీ మాంచెస్టర్ యునైటెడ్, మళ్లీ గెలుపు, 3–1. గాయం నుంచి పూర్తిగా కోలుకోని పుయోల్ చివరి నిమిషాల్లో మాత్రమే దిగాడు. కప్పు అందుకోవాల్సినవాడు కెప్టెన్. అతను పట్టీ విప్పి ఎరిక్ అబిదాల్ చేతికి తొడిగాడు. అబిదాల్‌కు ఆ మార్చిలోనే కాలేయంలో కణితికి ఆపరేషన్ జరిగింది, ఫైనల్ పూర్తిగా ఆడాడు. కప్పు అతనే ఎత్తాడు. 2013లో లీగ్ గెలిచినప్పుడు కాన్సర్‌తో పోరాడుతున్న కోచ్ టీటో విలనోవా, అబిదాల్ కలిసి ట్రోఫీ ఎత్తారు, కెప్టెన్ పక్కకు తప్పుకున్నాడు. ఇదంతా మంచితనం అని వదిలేయకండి. తొంభై నిమిషాలూ పక్కవాడు ఎక్కడున్నాడో, ఎలా ఉన్నాడో చూస్తూ ఉండడం డిఫెండర్ పని. పుయోల్ ఆ పనిని మ్యాచ్ అయిపోయాక కూడా ఆపలేదు.

ఆఖరి ఏళ్లు మోకాలు తినేసింది. 2012 యూరో కప్పుకు దూరమయ్యాడు, అదే అక్టోబర్‌లో లిస్బన్‌లో మోచేయి కీలు తప్పింది. 2014 మార్చిలో, ఆ సీజన్‌తో క్లబ్ వదిలేస్తానని ప్రకటించాడు. ఇంకా ఒప్పందం ఉంది, జీతం వస్తుంది. కానీ తాను కోరుకున్న స్థాయిలో ఆడలేనని అతనికి తెలుసు. 593 మ్యాచ్‌లు, ఆరు లీగ్ టైటిళ్లు, మూడు చాంపియన్స్ లీగ్‌లు, అన్నీ ఒకే క్లబ్‌కు.

ఇప్పుడు మీకు 2010 ఫైనల్ 83వ నిమిషం చూపిస్తాను. నెదర్లాండ్స్ ఫార్వర్డ్ ఆర్యెన్ రాబెన్ గోల్ వైపు దూసుకుపోతాడు, వెనక పుయోల్ పట్టుకోబోతాడు, చివరికి కీపర్ కసియాస్ బంతి అందుకుంటాడు. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి రాబెన్‌ను వదిలేసి, అతనికి బంతి చేరక ముందు నుంచీ 5వ నంబర్ ఎటు కదులుతున్నాడో గమనించండి. అతను సరైన చోట ఉన్నాడా, ఆలస్యమయ్యాడా, ఇంకేం చేసి ఉండాల్సింది, మీరే చెప్పాలి. ముందుగా డిఫెన్స్‌లో ఆడే పిల్లలు మాట్లాడాలి.