"మా తర్వాత వాడికెవరు?"

అందరికీ నమస్కారం.

2024 సెప్టెంబర్ 3. పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల పరుగు, టీ20 విభాగం ఫైనల్. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి 55.82 సెకన్లలో పరుగు ముగించి కాంస్యం గెలిచింది. టీ20 అంటే ఇక్కడ క్రికెట్ కాదు. మేధో వైకల్యం ఉన్నవాళ్లు పరుగెత్తే విభాగానికి పెట్టిన పేరు. ఆ వైకల్యం ఉండి మన దేశానికి పారాలింపిక్ పతకం తెచ్చిన మొదటి వ్యక్తి దీప్తే. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది.

ఆ రాత్రి మనమందరం "మన తెలంగాణ బిడ్డ" అని స్టేటస్‌లు పెట్టుకున్నాం. నేనూ పెట్టాను. మర్నాడు వాళ్ల అమ్మానాన్నల మాటలు పేపర్లో చదివితే మనసంతా అదోలా అయిపోయింది. కూలి పని చేసుకుని బతికిన కుటుంబం అది. పాప చిన్నప్పుడు జనం "పిచ్చిది" అన్నారట, "కోతి" అన్నారట. ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలేయమని కూడా చెప్పారట. ఆ అమ్మానాన్న వదల్లేదు. కోచ్ నాగపురి రమేశ్ గారి కంట్లో పడింది, హైదరాబాద్ చేరింది, పుల్లెల గోపీచంద్ గారి అండ దొరికింది. మిగతాది మీకు తెలుసు.

నన్ను వదలని ఆలోచన ఒకటుంది. దీప్తి పరుగెత్తలేకపోయి ఉంటే? అప్పుడు కూడా ఆమె ఆ ఊళ్లోనే ఉండేది కదా. అప్పుడు ఆమెను మనం ఏమని పిలిచేవాళ్లం?

ఇలా అడగడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా మేనత్త కొడుకు, నాకు బావ అవుతాడు. ఇప్పుడు ముప్పై ఆరేళ్లు. పుట్టగానే ఏడవలేదు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యం. మూడో తరగతిలో ఉండగా టీచర్ అత్తయ్యను పిలిచి, "వీడి వల్ల మిగతా పిల్లలకు ఇబ్బందమ్మా, ఇక పంపకండి" అన్నాడు. అంతే, బావ చదువు అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంటి అరుగే అతని లోకం. అత్తయ్య దాదాపు పన్నెండేళ్లు ఏ పెళ్లికీ వెళ్లలేదు. తీసుకెళ్తే అందరూ వింతగా చూస్తారు, వదిలి వెళ్తే చూసేవాళ్లుండరు.

ముందు ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మేధో వైకల్యం వేరు, మానసిక జబ్బు వేరు. మనం రెంటినీ కలిపి "మెంటల్" అనేస్తాం. మానసిక జబ్బు ఎవరికైనా, ఏ వయసులోనైనా రావచ్చు. మందులతో, చికిత్సతో చాలామంది కోలుకుంటారు. మేధో వైకల్యం చిన్నప్పటి నుంచే ఉంటుంది. నేర్చుకోవడం, లెక్క అర్థం చేసుకోవడం, రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం, ఇవన్నీ నెమ్మదిగా వస్తాయి, కొన్ని పూర్తిగా రావు. డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ తేడా కావచ్చు, పుట్టేటప్పుడు మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం కావచ్చు, చిన్నప్పుడు మెదడుకు సోకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. మేనరికం పెళ్లిళ్లలో కొన్ని వంశపారంపర్య లోపాలు బయటపడే అవకాశం ఎక్కువ, అదీ నిజమే. చాలామందిలో కారణం ఏమిటో డాక్టర్లకు కూడా తేలదు. అయినా మన ఇళ్లల్లో వేలు మాత్రం తల్లి వైపే చూపిస్తారు. గ్రహణంలో బయట తిరిగిందనీ, ఏ పాపం చేసిందోననీ అంటారు. అత్తయ్య ఇవన్నీ పడింది. ఇంకొందరు ఒక అడుగు ముందుకేసి "పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుంది" అని సలహా ఇస్తారు. దయచేసి ఆ మాట ఏ తల్లిదండ్రులతోనూ అనకండి. పెళ్లి దానికి మందు కాదు. విషయం దాచిపెట్టి చేసిన పెళ్లిలో ఇద్దరి బతుకులు నలుగుతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఈ వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 15 లక్షల మంది. మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. మీరు చూడలేదంటే లేరని కాదు, బయటికి రానివ్వడం లేదని.

బావకు పద్నాలుగేళ్లప్పుడు ఎవరో చెబితే అత్తయ్య సికింద్రాబాద్ తీసుకొచ్చింది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి నడుస్తోంది. ఇప్పుడు దాని పేరు నీపిడ్, అంటే మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత కోసం పెట్టిన జాతీయ సంస్థ. అక్కడ అత్తయ్యకు నేర్పింది చాలా చిన్న సంగతి. ఏ పనినైనా ముక్కలు చేసి నేర్పాలి. "స్నానం చేసి రా" అంటే బావకు అర్థం కాదు. చెంబు పట్టుకో. నీళ్లు తీసుకో. భుజం మీద పోసుకో. ఒక్కో ముక్క వచ్చాకే ఇంకో ముక్క. అత్తయ్య చదువుకున్నది ఐదో తరగతి. ఆమె ఎనిమిది నెలలు అలా పట్టుబట్టి నేర్పింది. అప్పటి నుంచి ఇవాళ్టి దాకా బావ స్నానం బావే చేస్తాడు.

ఇక టెంట్ హౌస్ సంగతి. మా అత్తయ్య వాళ్ల వీధి చివర ఒకాయన టెంట్ హౌస్ నడుపుతాడు. బావ రోజూ వెళ్లి అక్కడ నిలబడేవాడు. ఒకరోజు పనివాళ్లు రాలేదు. ఆయన కుర్చీలు సర్దుతుంటే బావ కూడా చెయ్యి వేశాడు. బలం ఉంది, ఓపిక ఉంది. కానీ లెక్క రాదు. బావకు పది దాకానే లెక్క వచ్చు. రెండు వందల కుర్చీలు పంపమంటే ఎలా? ఆయన చేసిన పని నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "పది కుర్చీలు ఒక దొంతి పెట్టు. దొంతికో తాడు కట్టు. తాళ్లు నేను లెక్కపెట్టుకుంటా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ షాపులో కుర్చీలు పదేసి దొంతులుగానే ఉంటున్నాయి. అలా చెయ్యడం మొదలుపెట్టాక మిగతా పనివాళ్ల లెక్కలు కూడా తప్పడం లేదని ఆయనే అంటాడు.

మొదట్లో చాయ్, టిఫిన్ పెట్టి పంపేవాడు. అత్తయ్య వెళ్లి నిలదీసింది. "పని చేపిచ్చుకున్నప్పుడు కూలి ఇయ్యాలె గదా అన్నా" అంది. ఆయన కాసేపు ఆలోచించి, సరే అన్నాడు. ఇప్పుడు వారం వారం ఇస్తున్నాడు. ఇది దయ కాదు, కూలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో ఒక శాతాన్ని మేధో వైకల్యం, ఆటిజం, మానసిక జబ్బు ఉన్నవాళ్లతో పాటు ఇంకొందరు కూడా పంచుకోవాలి. మంచిదే. కానీ బావ లాంటివాళ్లు పోటీ పరీక్ష రాయలేరు. వాళ్లకు ఉద్యోగం దొరికేది వీధి చివరి టెంట్ హౌస్‌లో, బేకరీలో, నర్సరీలో, మెస్‌లో. అది ఇవ్వాల్సింది కలెక్టర్ కాదు, మనమే.

ఊరు మొత్తం ఆ టెంట్ హౌస్ ఆయన లాంటిదే అని చెప్పను. ఒక పెళ్లి బరాత్‌లో కొందరు కుర్రాళ్లు బావకు మందు తాగించి, డీజే ముందు డాన్స్ చేయించి, వీడియో తీసి రీల్ పెట్టారు. కింద నవ్వుతున్న బొమ్మలు వందల్లో. బావకు అది ఎగతాళి అని తెలియదు. అందరూ తనని చూసి సంతోషిస్తున్నారని, వాళ్ల నాన్నకు ఫోన్ చూపించాడు. ఆ రాత్రి మామయ్య అన్నం తినలేదు.

మనం వీడియోలు చేసేవాళ్లం, చూసేవాళ్లం కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అదే 2016 చట్టంలో 92వ సెక్షన్ ఉంది. వికలాంగుల్ని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. ఇలాంటి రీల్ కనిపిస్తే నవ్వకండి, షేర్ చేయకండి. రిపోర్ట్ కొట్టండి. తీసినవాడు మీకు తెలిసినవాడైతే ఫోన్ చేసి తీసేయించండి.

"పిచ్చోడు" అనే మాట ఎంత చెడ్డదో మీకు నేను చెప్పక్కర్లేదు. "దేవుడి బిడ్డ" అనే మాట సంగతి చెబుతాను. ప్రేమతోనే అంటారు. కానీ దేవుడి బిడ్డ అన్నాక ఇక అతనికి పని ఇవ్వక్కర్లేదు, కూలి ఇవ్వక్కర్లేదు, అభిప్రాయం అడగక్కర్లేదు. దండం పెట్టి పక్కకు జరిగిపోవచ్చు. ముప్పై ఆరేళ్ల మనిషి చేతిలో చాక్లెట్ పెట్టి బుగ్గ గిల్లడం కూడా అలాంటిదే. ఇంటికొచ్చిన చుట్టాలు బావ ఎదురుగానే కూర్చుని అత్తయ్యని అడుగుతారు, "వాడు చాయ్ తాగుతడా?" అని. బావనే అడగండి. ఒక్క ప్రశ్న అడిగి ఆగండి. జవాబు రావడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం మనం ఆగలేకపోతున్నాం. వస్తుంది. "షక్కర్ ఎక్కువ" అని కూడా చెబుతాడు.

వీళ్ల ముందు తలుపులు ఎంత తేలికగా మూసుకుంటాయో మళ్లీ పారాలింపిక్స్ నుంచే చెబుతాను. 2000లో సిడ్నీలో మేధో వైకల్యం విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. తర్వాత బయటపడింది ఏమిటంటే, పన్నెండు మందిలో పది మందికి ఆ వైకల్యమే లేదు. మోసం చేసింది ఆ జట్టు. కానీ ఆ విభాగాన్నే మొత్తంగా తీసేశారు. మళ్లీ 2012లో లండన్‌లో గానీ రానివ్వలేదు. నిజంగా ఆ వైకల్యం ఉన్న ఎందరి వయసు ఆ పన్నెండేళ్లలో కరిగిపోయిందో! మా బావ మూడో తరగతి గుమ్మం దగ్గర ఆగిపోయింది కూడా వేరేవాళ్ల ఇబ్బంది కోసమే.

ఇప్పుడైతే బడి అలా పంపించేయడానికి వీల్లేదు. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు చట్టం ఇచ్చిన హక్కు. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక టీచర్లు ఉంటారు, అడగండి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకోండి, పెన్షన్‌కు అదే ఆధారం. తెలంగాణలో 2023లో దాన్ని 4,016 రూపాయలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి ఇంకొకటి. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో మీరు గార్డియన్ కారు. మా వాళ్లకు అది బ్యాంకులో తెలిసింది. బావ కూలి డబ్బులు వెయ్యడానికి ఖాతా తెరవబోతే, "ఈయన సంతకానికి బాధ్యత ఎవరిది?" అన్నారు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చింది. దాని కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన ఒక స్థానిక కమిటీ ఉంటుంది. గార్డియన్‌షిప్ కోసం దరఖాస్తు అక్కడ పెట్టుకోవచ్చు. అదే ట్రస్ట్ కింద నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఉంది. దానికి ముందుగా వైద్య పరీక్షలు అక్కర్లేదు.

ఆ గార్డియన్‌షిప్ కాగితం చేతికొచ్చిన రోజు అత్తయ్య సంతోషపడుతుందనుకున్నాను. ఆమె దాన్ని మడిచి బీరువాలో పెట్టి, "మరి మేం పోయినంక?" అంది. ఈ పిల్లలున్న ఏ ఇంటికి వెళ్లినా వినపడే మాట ఇదే. మా తర్వాత వాడికెవరు? కొందరు తల్లులైతే "నాకంటే ఒక్కరోజు ముందు వాడు పోవాలి" అని మొక్కుకుంటారు. ఒక అమ్మ నోట ఆ మాట వచ్చిందంటే తప్పు ఆమెది కాదు, మనది.

ఆ ప్రశ్నకు హాస్టల్ జవాబు కాదని నా నమ్మకం. తోబుట్టువుల మీద మొత్తం భారం వేసేయడమూ కాదు. అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు, అతని అలవాట్లు తెలిసినవాళ్లు ఊళ్లో పది మంది ఉండాలి. వాళ్లు తల్లిదండ్రులు పోయాక పుట్టుకురారు. ఇప్పుడే, వాళ్లు బతికి ఉండగానే తయారవ్వాలి.

మొన్న చలికాలంలో అత్తయ్యకు ఆపరేషన్ అయింది. హన్మకొండలో ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది, మామయ్య ఆమె దగ్గరే ఉన్నాడు. బావను మా ఇంటికి తీసుకెళ్తామన్నాం. "నాకు పనుంది" అన్నాడు. నిజంగానే పెళ్లిళ్ల సీజన్. టెంట్ హౌస్ ఆయన భార్య రెండు పూటలా అన్నం పంపింది. ఎదురింటి తాత పొద్దున, రాత్రి వచ్చి దగ్గరుండి ఫిట్స్ మాత్ర వేయించాడు. చాయ్ హోటల్ అతను రాత్రి షాపు మూసేటప్పుడు ఇంటి తలుపు గడియ పడిందో లేదో చూసి వెళ్లేవాడు. వాళ్లకు ఎవరూ డ్యూటీలు వెయ్యలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం అత్తయ్యను ఆటోలో తీసుకొచ్చాం. అరుగు మీద బావ లేడు. ఏదో ఫంక్షన్ హాల్‌కు కుర్చీల లోడుతో వెళ్లాడట, వచ్చేసరికి చీకటి పడుతుందట. అత్తయ్య ఇంట్లోకి రానంది. అరుగు మీదే గోడకు ఆనుకుని కూర్చుని, కొడుకు పని నుంచి ఎప్పుడొస్తాడా అని వీధి చివరి వైపు చూస్తూ ఉంది.