హోంస్కూల్ ఏడాదిలో బైబిల్: ఏది చదవాలి, ఏది పక్కన పెట్టాలి

హోస్ట్: నమస్తే. జూన్ వచ్చిందంటే మన హైదరాబాద్‌లో హోంస్కూల్ చేసే అమ్మానాన్నలు అడిగే ప్రశ్నతోనే మొదలుపెడదాం. అక్కా, పిల్లలతో ఏడాదిలో బైబిల్ మొత్తం అయిపోతుందా?

గెస్ట్: పెద్దవాళ్లకైతే అవుతుంది తమ్ముడూ. పిల్లలతో కాదు. 1189 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజుల చొప్పున 36 వారాలంటే 180 రోజులు. రోజుకి ఆరున్నర అధ్యాయాలు దాటుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు కుదురుగా వినేది పది, పదిహేను నిమిషాలు. అందులో రెండు అధ్యాయాలు పడతాయి, అదీ కథ ఉంటేనే.

హోస్ట్: మరి లెక్క ఎలా వేసుకోవాలి?

గెస్ట్: నాలుగు రోజులు కొత్త పాఠం, శుక్రవారం ఖాళీ. జ్వరాలు, చుట్టాలు, కరెంటు పోవడం, అన్నీ ఆ శుక్రవారంలోనే సర్దుకోవాలి. 144 రోజులు, రోజుకి రెండు, అంటే 288 అధ్యాయాలు. మొత్తంలో పావు వంతు.

హోస్ట్: ముప్పావు వదిలేశామంటే చర్చిలో పెద్దలు ఊరుకుంటారా?

గెస్ట్: (నవ్వు) వదలడం కాదు, తర్వాతి ఏళ్లకి జరపడం. ఆదికాండంలో 19, 34, 38 అధ్యాయాలు చిన్నపిల్లల ముందు చదివేవి కావు. న్యాయాధిపతుల్లో దెబోరా, గిద్యోను, సమ్సోను చదివి 16 దగ్గర ఆపాలి. 19 నుంచి 21 వరకు టీనేజ్‌లో చూడొచ్చు. అందుకే మరుసటి రోజు భాగం ముందు రాత్రే పెద్దవాళ్లు ఒకసారి చదివి, ఎక్కడ ఆపాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోవాలి. అప్పటికప్పుడు తడుముకుంటూ దాటేస్తే, ఏం దాటేశారా అని పిల్లలు సరిగ్గా అదే వెతుక్కుంటారు.

హోస్ట్: ఎక్కువమంది లేవీయకాండంలో ఆగిపోతారంటారు.

గెస్ట్: ఇంకా ముందే ఆగుతారు. నిర్గమకాండం 25లో. అప్పటిదాకా తెగుళ్లు, ఎర్ర సముద్రం, సీనాయి కొండ. ఒక్కసారిగా ఎడారిలో ఆరాధనకి కట్టిన గుడారం కొలతలు మొదలవుతాయి. మధ్యలో 32 నుంచి 34 దాకా బంగారు దూడ కథ, మళ్లీ 35 నుంచి అవే కొలతలు. నా మాట వింటే 25, 26, 27 చదవొద్దు, కొలవండి. 35 నుంచి 39 దాటేసి 40కి వెళ్లండి.

హోస్ట్: కొలవడం అంటే టేపు పట్టుకునా?

గెస్ట్: తాడు చాలు. మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా, పూలమ్మే ఆవిడ కొలిచేదే. కానీ ఆరేళ్ల పాప మూర, పన్నెండేళ్ల అన్న మూర ఒకటి కావు. ఎవరి చేతితో వాళ్లు కొలిస్తే అయిదు నిమిషాల్లో గొడవ. 18 అంగుళాల కర్ర ఒకటి కోసి, అందరికీ అదే మూర అనండి. మందసం, అంటే ఆజ్ఞల పలకలు ఉంచే పెట్టె, పొడవు రెండున్నర మూరలు, వెడల్పు, ఎత్తు ఒకటిన్నర. అంటే 45, 27, 27 అంగుళాలు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోస్తే సరిపోతుంది.

హోస్ట్: గుడారం?

గెస్ట్: దాని పొడవు పిల్లలతోనే కట్టించండి. ఒక్కో వైపు 20 పలకలు, పలక వెడల్పు ఒకటిన్నర మూర. 30 మూరలు వస్తుంది, 45 అడుగులు. వెడల్పు పది మూరలు అనుకుంటే 15 అడుగులు. డాబా మీద సుద్దముక్కతో గీయొచ్చు. పొద్దున ఎనిమిదిలోపు గీయండి, తర్వాత కాళ్లు కాలతాయి. ఆవరణ మాత్రం 150 అడుగులకి 75, ఏ అపార్ట్‌మెంట్ డాబా చాలుతుంది చెప్పు? దాన్ని చార్ట్ మీద మూరకి అర సెంటీమీటరు లెక్కన గీస్తే 50కి 25 సెంటీమీటర్లు.

హోస్ట్: సంఖ్యాకాండం 7లో 89 వచనాలు, పన్నెండు గోత్రాల ప్రధానులవి పన్నెండుసార్లు అవే కానుకలు...

గెస్ట్: మొదటి ప్రధానుడిది చదివి పుస్తకం మూసేయండి. వెండి గిన్నె 130 తులాలు, ప్రోక్షణపాత్ర 70. పన్నెండుమందికి ఎంతో లెక్క కట్టమనండి. 2400 వచ్చాక 85వ వచనం తెరిచి చూపించండి. ఆ రోజు లెక్కల పాఠం కూడా అయిపోయినట్టే. లేవీయకాండంలో 16, 19, 23, 25 చాలు. 19లో కోతలో రాలిన పరిగె పేదలు ఏరుకునే ఆజ్ఞ ఉంది, అది గుర్తుంటే రూతు పొలంలోకి ఎందుకు వెళ్లిందో విడమర్చి చెప్పక్కర్లేదు.

హోస్ట్: రాజుల గ్రంథాల్లో పేర్లు పెద్దవాళ్లకే తికమక.

గెస్ట్: సొలొమోను తర్వాత రాజ్యం రెండు ముక్కలు. గోడకి పొడుగు కాగితం అంటించి పైన ఇశ్రాయేలు ఒక రంగు, కింద యూదా ఇంకో రంగు వేయాలి. యెహోరాము రెండు చోట్లా ఉన్నాడు, యోవాషు కూడా. రంగు లేకపోతే ఇద్దరూ ఒకడైపోతారు. పైది క్రీ.పూ. 722లో తెగిపోతుంది, కిందది 586 దాకా సాగుతుంది. ప్రవక్తల్ని ఆ కాగితం మీదే అతికించండి. యెషయా 36, 37 సంగతులే 2 రాజులు 18, 19లో ఉన్నాయి, ఒకచోట చదివితే చాలు.

హోస్ట్: క్రిస్మస్, ఈస్టర్ ఈ వరసలో ఎలా కుదురుతాయి?

గెస్ట్: డిసెంబరులో పాత నిబంధన ఆపి లూకా 1, 2. సంక్రాంతి అయ్యాక 3 నుంచి నెమ్మదిగా నడిపి 22, 23 మంచి శుక్రవారం వారానికి ఉంచాలి. ఈస్టర్ తేదీ మారుతుంది కాబట్టి క్యాలెండర్ చూసి వెనక నుంచి లెక్కపెట్టుకోండి. తర్వాత అపొస్తలుల కార్యములు, లూకా రాసిన రెండో భాగమే కదా. లూకా అయ్యాక పిల్లలకి చూపించడానికి మెదక్ చర్చి ఉంది, ఇక్కడికి వంద కిలోమీటర్లలోపే. 1924 నాటిది. రంగు అద్దాల కిటికీలు మూడు: జననం, సిలువ, ఆరోహణం. లూకా 2, 23, 24 అన్నమాట. చీకటి పడితే అద్దాల్లో ఏమీ కనబడదు, పొద్దున్నే బయల్దేరండి.

హోస్ట్: ఊళ్లోనే ఏమైనా ఉందా?

గెస్ట్: ఆదికాండం 50లో యాకోబు శవాన్ని ఐగుప్తు వైద్యులు నలభై రోజులు సిద్ధపరుస్తారు. అది చదివిన వారమే పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియానికి తీసుకెళ్లండి, ఈజిప్టు మమ్మీ ఉంది. యోసేపు కాలం కంటే చాలా తర్వాతదని ముందే చెప్పండి, లేదంటే యోసేపే అనుకుంటారు.

హోస్ట్: చదివాక ప్రశ్నలు అడగాలా?

గెస్ట్: వద్దు. ఒక్కసారి చదివి, విన్నది తిరిగి చెప్పమనండి. ఇంగ్లండ్ విద్యావేత్త షార్లెట్ మేసన్ పద్ధతి ఇదే. చెబుతుంటే మధ్యలో దిద్దకూడదు, దిద్దితే రెండో రోజు నుంచి నోరు విప్పరు. ముందు చిన్నవాడు, తర్వాత పెద్దది. వరస తిప్పితే చిన్నవాడు అక్క మాటలే అప్పజెబుతాడు. ఆరేళ్లలోపు వాళ్లు బొమ్మ గీస్తే చాలు. ఇంకో సంగతి, ఇంగ్లీష్ మీడియం పిల్లలు పాత తెలుగు బైబిల్ వింటారు గానీ చదవలేరు. కథ సులభ తెలుగులో చదవండి, కంఠత వాక్యం మాత్రం మీ చర్చిలో వాడే అనువాదంలోనే. రెండూ కలిపితే ఆదివారం చర్చిలో వాక్యం చెబుతూ సగంలో ఆగిపోతారు.

హోస్ట్: కీర్తనలు ఈ 288లో ఉన్నాయా?

గెస్ట్: లేవు. అవి పొద్దున ప్రార్థనలో, శుక్రవారంతో సహా రోజుకొకటి. 119వ కీర్తనలో ఎనిమిదేసి వచనాల భాగాలు 22. దీనికి రోజుకొక భాగం, మిగతా 149 కీర్తనలు రోజుకొకటి, మొత్తం 171 రోజులు. 180లో ఇంకా తొమ్మిది రోజులు మిగిలాయి కాబట్టి 18, 78, 89 లాంటి పొడుగువాటిని రెండేసి రోజులు చేసుకోవచ్చు.