జైలు గేటు దాటిన సైనికుడికి ఒక ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో జైలు నుంచి విడుదల కాబోయే మాజీ సైనికుణ్ని తప్పకుండా అడిగే ప్రశ్న, "బయటికెళ్లాక ఎక్కడుంటావు?" అని. చెప్పడానికి ఒక చిరునామా లేకపోతే పరోల్ కూడా ఆగిపోవచ్చు. వీళ్లలో కొందరు యుద్ధం నుంచి వచ్చాక నిద్ర పట్టక, తాగుడుకు అలవాటు పడి, ఆ మత్తులోనే కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు.

ఇలాంటివాళ్ల కోసం 2008లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో జడ్జి రాబర్ట్ రస్సెల్ ఒక ప్రత్యేక కోర్టు మొదలుపెట్టారు. అక్కడ జైలుకు పంపడం కన్నా చికిత్స చేయించడం మీదే దృష్టి. ఇంకో మాజీ సైనికుడు సొంత అన్నలా వెంట ఉంటాడు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇప్పుడు అలాంటి కోర్టులు దేశంలో వందల్లో ఉన్నాయి.

అయితే చికిత్స నిలబడాలంటే రాత్రి తలుపేసుకుని పడుకోవడానికి ఒక గది కావాలి. దానికి హడ్-వాష్ అనే వోచర్ ఉంది. అద్దెకుండేవాళ్లు తమ ఆదాయంలో సుమారు 30 శాతం కడితే, మిగతా అద్దె ఒక పరిమితి వరకు ప్రభుత్వం నేరుగా ఓనరుకే చెల్లిస్తుంది. మాజీ సైనికుల బాగోగులు చూసే వెటరన్స్ శాఖ తరఫున ఒక కేస్ మేనేజర్ వచ్చి ఎలా ఉన్నారో కనుక్కుంటూ ఉంటారు. పాత కేసు ఉందని ఈ వోచర్ నిరాకరించరు. జీవితాంతం లైంగిక నేరస్థుల జాబితాలో ఉండాల్సినవాళ్లకు మాత్రం ఇవ్వరు. 2010లో ఇల్లు లేని మాజీ సైనికులు 74 వేలకు పైనే. 2024 జనవరి లెక్కలో 32,882 మంది. ఈ తగ్గుదలలో వోచర్ పాత్ర చాలా ఉంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. వోచర్ పట్టుకుని ఎన్ని ఇళ్లు తిరిగినా, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పాత కేసు కనబడగానే ఓనరు కుదరదంటాడు. వోచరుకేమో గడువుంటుంది. చేతిలో డబ్బూ ఉండదు. పెద్ద నేరం కింద శిక్ష పడితే సైన్యంలో తగిలిన గాయాలకు, వచ్చిన జబ్బులకు నెలనెలా అందే వైకల్య పరిహారంలో జైల్లో 61వ రోజు నుంచి కోత పడుతుంది. విడుదలయ్యాక ఆ సంగతి వెటరన్స్ శాఖకు తెలియజేస్తేనే మళ్లీ పూర్తిగా వస్తుంది. ఇది తెలియని మనిషి అడ్వాన్స్ ఎక్కణ్నుంచి తెస్తాడు?

టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొని అద్దెకిస్తున్న మన తెలుగువాళ్లకు నాదో విన్నపం. అలాంటి దరఖాస్తు వస్తే వెంటనే పక్కన పెట్టేయకండి. కేస్ మేనేజర్‌తో మాట్లాడండి. ఆ కేసు ఏమిటి, ఎన్నేళ్ల కిందటిది, ఇప్పుడు ఎలా ఉన్నాడు అని దరఖాస్తు పెట్టిన మనిషినే అడగండి. మీకు తెలిసిన మాజీ సైనికుడెవరైనా ఇల్లు లేక ఇబ్బంది పడుతుంటే, వెటరన్స్ శాఖ హెల్ప్‌లైన్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. నంబరు రాసుకోండి: 877-424-3838.