చదవడానికే కాపీ చేయాల్సి వస్తే: కాపీరైట్, వికలాంగుల హక్కులు, సృజన

సభకు నమస్కారం.

న్యాయశాస్త్ర విద్యార్థులు, ప్రచురణకర్తలు, వికలాంగుల హక్కుల కార్యకర్తలు ఒకేచోట కూర్చోవడం అరుదు. అందుకని ఈ ముగ్గురికీ సంబంధించిన ఒక తగాదాతోనే మొదలుపెడతాను.

2009 ఫిబ్రవరిలో అమెజాన్ కిండిల్ 2 అనే పరికరాన్ని విడుదల చేసింది. తెర మీది అక్షరాలను యంత్రస్వరంతో పైకి చదివి వినిపించే సౌకర్యం అందులో ఉంది. అమెరికాలోని రచయితల సంఘం ఆథర్స్ గిల్డ్ వెంటనే అభ్యంతరం చెప్పింది. ఈ-బుక్ హక్కు వేరు, ఆడియో హక్కు వేరు, మొదటిది కొన్నవారికి రెండోది కూడా ఎలా కట్టబెడతారని అడిగింది. కొన్నాళ్లకే అమెజాన్ వెనక్కి తగ్గి, ఏ పుస్తకం వినిపించాలో ఏది వద్దో హక్కుదారులే తేల్చుకోవచ్చని చెప్పేసింది. ఏప్రిల్‌లో అంధులు, డిస్లెక్సియా (అక్షరాలు గుర్తుపట్టి చదవడంలో ఇబ్బంది) ఉన్నవారు న్యూయార్క్‌లో ఆ సంఘం కార్యాలయం ముందు నిరసనకు దిగారు. వాళ్లు పుస్తకాలు ఊరికే ఇమ్మనలేదు. డబ్బు పెట్టి కొనుక్కున్న పుస్తకాన్ని చదువుకోనివ్వమన్నారు, అంతే.

రచయితల భయం ఉత్తిది కాదు. ఆడియో పుస్తకాల మీద వచ్చే రాబడి చాలామంది రచయితలకు ముఖ్యం. అయినా ఆ వాదనలో ఒక లోపం ఉంది. అది కాపీరైట్ చట్టం పునాదిలోనే ఉన్న లోపం.

చూపున్న మనిషి పుస్తకం చదవాలంటే తెరిస్తే చాలు. అక్కడ కాపీ అనేదే జరగదు, కాబట్టి చట్టానికి అతనితో పని లేదు. చూపులేని పాఠకురాలి విషయం వేరు. అదే పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేయాలి, అక్షరాలుగా మార్చాలి, బ్రెయిలీలోకో ధ్వనిలోకో తేవాలి. చట్టం దృష్టిలో ఇవన్నీ పునరుత్పత్తి, రూపాంతరం. రెండూ హక్కుదారుడి అనుమతి అవసరమైన పనులే. ఆమె ఇంకా మొదటి వాక్యం కూడా చదవలేదు, అప్పుడే ఉల్లంఘన అంచున నిలబడింది. చట్టం రాసినవారికి వికలాంగుల మీద ద్వేషం ఉండి ఇలా జరగలేదు. పాఠకుడు అనగానే వారి మనసులో ఒకే రకం మనిషి మెదిలాడు.

ఆ మార్పిడి పని ఎలా ఉంటుందో ఒక్క పేజీ తీసుకుని చూద్దాం. అర్థశాస్త్రం పాఠ్యపుస్తకంలో రెండు నిలువు వరుసల పేజీ అనుకోండి. మధ్యలో ఒక పట్టిక, కింద ఒక ఫుట్‌నోట్, పక్కన ఒక గ్రాఫు. స్కాన్ చేసి అలాగే వదిలేస్తే అది కంప్యూటర్‌కు ఒట్టి బొమ్మ, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ స్క్రీన్ రీడర్ నోరు మెదపదు. అక్షరాలుగా మార్చాక ఎవరూ సరిచూడకపోతే ఎడమ వరుసలోని సగం వాక్యానికి కుడి వరుసలోని సగం వాక్యం అతుక్కుంటుంది. ఫుట్‌నోట్ ఏదో వాక్యం నడుమకు వచ్చి పడుతుంది. పట్టికలో ఏ అంకె ఏ సంవత్సరానిదో తెలియకుండా అంకెలు వరసపెట్టి వినిపిస్తాయి. గ్రాఫు ఉందన్న సంగతే తెలియదు. ఎవరో ఒకరు కూర్చుని చదివే క్రమం పెట్టాలి, పట్టికకు శీర్షికలు కట్టాలి, గ్రాఫు ఏం చెబుతోందో మాటల్లో రాయాలి. ఇది నైపుణ్యం ఉన్న పని, సమయం తినే పని. ఈలోగా పరీక్ష వచ్చేస్తుంది.

ఈ చిక్కుకు చట్టాలు మొదట కనిపెట్టిన మందు మినహాయింపు, అంటే హక్కుదారుడి అనుమతి లేకుండానే ఈ మార్పిడి చేసుకోవచ్చని చెప్పడం. అమెరికా 1996లో అలాంటి సవరణ చేసుకుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాల డిజిటల్ భాండాగారమైన హాతీట్రస్ట్ కేసులో, అచ్చు చదవలేనివారికి పుస్తకాలు అందించడం న్యాయమైన వినియోగమేనని (అంటే అనుమతి అక్కర్లేని వాడకమేనని) అక్కడి అప్పీలు కోర్టు 2014లో తేల్చింది. అంతర్జాతీయంగా అసలు మలుపు 2013 జూన్ 27న మొరాకోలోని మరాకేష్‌లో వచ్చింది. అచ్చు చదవలేనివారి కోసం కాపీరైట్‌లో మినహాయింపులు ఇచ్చే మరాకేష్ ఒప్పందం ఆ రోజు కుదిరింది. ఆ ఒప్పందానికి తొలి ముసాయిదాను ప్రపంచ అంధుల సంఘం తయారుచేయగా, బ్రెజిల్, ఈక్వడార్, పరాగ్వే 2009లో ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ముందు పెట్టాయి. అందరికన్నా ముందు ఆమోదించింది భారతదేశం, 2014 జూన్‌లో. ఇరవయ్యో దేశంగా కెనడా చేరాక 2016 సెప్టెంబర్ 30న అమల్లోకి వచ్చింది.

ఆ ఒప్పందంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది సరిహద్దుల నిబంధన. అంతకుముందు స్పెయిన్‌లో తయారైన బ్రెయిలీ ప్రతిని స్పానిష్ మాట్లాడే మరో దేశానికి పంపాలంటే చట్టం అడ్డొచ్చేది. అదే పుస్తకాన్ని అక్కడ మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకోవాల్సి వచ్చేది. అసలే వనరులు తక్కువ ఉన్న సంస్థలు చేసిన పనే మళ్లీ చేయడం. మరాకేష్ ఒప్పందం ఆ వృథా శ్రమకు దారి మూసింది.

దాని పరిధి మాత్రం చిన్నది. అచ్చు చదవలేనివారికే వర్తిస్తుంది, అదీ పాఠ రచనలకే. బధిరులు అందులో లేరు, సినిమా లేదు. భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, 52వ సెక్షన్‌లోని జెడ్‌బి క్లాజు, ఇంతకన్నా విశాలం. ఏ రకం వైకల్యమైనా, ఏ రకం రచనైనా, లాభాపేక్ష లేకుండా ఎవరైనా అనువైన రూపంలోకి మార్చుకోవచ్చు. సంస్థలే చేయాలన్న ఆంక్ష లేదు, స్నేహితుడి కోసం స్నేహితుడు చేసినా చెల్లుతుంది. లాభం కోసం చేసేవారికి 31బి సెక్షన్ కింద నిర్బంధ లైసెన్సు, అంటే హక్కుదారుడి ఒప్పుదలతో పనిలేని అనుమతి, తీసుకునే దారి ఉంది. ఇంత మంచి క్లాజు గురించి మన న్యాయ కళాశాలల్లో ఎంత తక్కువ మాట్లాడుకుంటామో తలచుకుంటే బాధ కలుగుతుంది.

దక్షిణాఫ్రికా కథ ఇంకో రకం. వర్ణవివక్ష కాలంలో, 1978లో, చేసిన కాపీరైట్ చట్టంలో అంధుల కోసం మినహాయింపే లేదు. పార్లమెంటులో సవరణ ఏళ్ల తరబడి నలిగింది. చివరికి బ్లైండ్ ఎస్‌ఏ అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 2022 సెప్టెంబర్ 21న రాజ్యాంగ న్యాయస్థానం ఆ లోపం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. పార్లమెంటు కదిలేదాకా ఆగకుండా, మినహాయింపును తానే చట్టంలోకి చేర్చి చదివింది. చదవలేకపోవడాన్ని ఆ తీర్పు సమానత్వం, గౌరవం తాలూకు ప్రశ్నగా చూసింది. మేధోసంపత్తి పాఠాల్లో ఈ తీర్పును మొదటి వారంలోనే చెప్పాలని నా అభిప్రాయం.

ఇక నా అసలు వాదనకు వస్తాను. మినహాయింపు అవసరమే, కానీ దాని స్వభావం చూడండి. "నువ్వు చేసుకుంటే నేను అడ్డుపడను" అంటుంది. చేసే భారం మాత్రం పాఠకుడి మీదో, స్వచ్ఛంద సంస్థ మీదో ఉండిపోతుంది. ఇందాక చెప్పిన ఆ పేజీని సరిచేసేది వాళ్లే. పైగా ఆ పుస్తకం ప్రచురణకర్త దగ్గర పుట్టింది డిజిటల్ ఫైలుగానే. ఏది శీర్షిక, ఏది ఫుట్‌నోట్ అన్నది అక్కడ స్పష్టంగా ఉంది. దాన్ని కాగితం మీద అచ్చేసి, ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేసి, పోగొట్టుకున్న క్రమాన్ని ఇంకొకరు వెతుక్కోవడం ఏం న్యాయం?

యూరోపియన్ యూనియన్ ఇక్కడే ఒక అడుగు ముందుకు వేసింది. 2019లో చేసిన సులభలభ్యతా ఆదేశం 2025 జూన్ 28 నుంచి అమల్లో ఉంది. దాని పరిధిలో ఈ-బుక్స్ కూడా ఉన్నాయి. అందరూ చదవగలిగే రూపంలో పుస్తకాన్ని తేవడం అక్కడ అమ్మేవారి బాధ్యత అయింది. భారత సుప్రీంకోర్టు కూడా 2024 నవంబర్‌లో రాజీవ్ రతూరి కేసులో, సులభలభ్యత ప్రమాణాలు సిఫార్సులుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు ఉండాలంది. ప్రజాధనంతో తయారయ్యే ప్రతి పాఠ్యపుస్తకానికీ, పరిశోధనా పత్రానికీ ఈ షరతు పెట్టడానికి ఏ కొత్త ఒప్పందమూ అక్కర్లేదు. టెండరు పత్రంలో ఒక వాక్యం చాలు.

ఇంతసేపూ పాఠకుల గురించే మాట్లాడాను. ఈ రంగంలో అందరం చేసేది అదే. వికలాంగుడంటే తీసుకునేవాడని మాత్రమే అనుకుంటాం. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక అలా అనుకోలేదు. దాని 30వ అధికరణంలో మూడో పేరా మేధోసంపత్తి చట్టాలు అన్యాయమైన అడ్డంకి కాకూడదంటుంది. దాన్ని అందరూ ఉటంకిస్తారు. రెండో పేరాను దాటేస్తారు. వికలాంగుల సృజనశక్తి వికసించే అవకాశం కల్పించాలి, అది వారి మేలు కోసమే కాదు, సమాజాన్ని సంపన్నం చేయడానికి కూడా అని ఆ పేరా చెబుతుంది. లూయీ బ్రెయిలీ పదిహేనేళ్లకే చుక్కల లిపికి రూపమిచ్చాడు. అతను పారిస్‌లో ఆర్గన్ వాయించిన సంగీతజ్ఞుడు కూడా. ఆ చుక్కలతోనే సంగీతానికీ లిపి కట్టాడు. 1964లో టెలిఫోను లైను మీద అక్షరాలు పంపే పరికరాన్ని తయారుచేసిన రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ బధిరుడైన భౌతికశాస్త్రజ్ఞుడు.

ఇప్పుడు ఈ ప్రశ్న కొత్త రూపంలో వచ్చింది. అమెరికన్ గాయకుడు రాండీ ట్రావిస్ 2013లో పక్షవాతం వచ్చి పాడే శక్తి కోల్పోయాడు. 2024లో మరో గాయకుడు పాడిన పాటకు కృత్రిమ మేధ సాయంతో ట్రావిస్ గొంతు తొడిగి, ఆయన కొత్త పాట విడుదల చేశారు. యంత్రం సృష్టించినదానికి కాపీరైట్ ఉండదంటున్న అమెరికా కాపీరైట్ కార్యాలయం ఈ పాటను నమోదు చేసింది. ఇక్కడ యంత్రం పనిముట్టు మాత్రమేనని గుర్తించింది. ఇది సరైన దారి. కంటి కదలికతో అక్షరాలు ఎంచుకునే రచయిత, పదాలు ఊహించి అందించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడే కవయిత్రి, వీరి రచనలను "ఇందులో నీ పాలు ఎంత?" అని చట్టం అనుమానంగా చూసే పరిస్థితి రాకూడదు. కృత్రిమ మేధ మీద గీత గీసే ప్రతి విధాన పత్రం ముందుగా వీరిని అడగాలి.

చిత్రణ గురించి ఒక్క మాట. సినిమాల్లో వికలాంగులను చూపే తీరుపై నిపుణ్ మల్హోత్రా కేసులో భారత సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పిచ్చింది. వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, మనిషిని కించపరిచే హాస్యం వేరు అని తేడా చూపి మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ సినిమా మీద కత్తెర వేయలేదు. వేయకపోవడమే మంచిదైంది. కోతలతో మంచి పాత్ర పుట్టదు. కథ రాసే గదిలో వికలాంగ రచయిత ఉంటే పుడుతుంది.

న్యాయ పరిశోధకులుగా మన ముందు ఖాళీగా పడి ఉన్న పని చాలా ఉంది. 52వ సెక్షన్ కింద ఎవరు, ఏ పుస్తకాలు, ఎంత ఆలస్యంతో తయారు చేస్తున్నారు? చూపులేనివారి కోసం సినిమాకు ఆడియో వర్ణన రాసేవారు సంభాషణల మధ్య దొరికే రెండు మూడు సెకన్లలో ఒక ముఖాన్ని, ఒక మౌనాన్ని మాటల్లో పెడతారు. అది స్వతంత్ర రచనా? అయితే దాని హక్కు ఎవరిది? కొన్న ఈ-బుక్‌కు వేసిన డిజిటల్ తాళాన్ని చదువుకోవడం కోసం తీస్తే, అలాంటి తాళాల గురించిన 65ఎ సెక్షన్ పాఠకుణ్ణి ఎంతవరకు కాపాడుతుంది? వీటిమీద రాయండి. రాసిన పత్రాన్ని పత్రికకు పంపే ముందు స్క్రీన్ రీడర్‌తో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా వినండి. ఫుట్‌నోట్లతో సహా.