యురేనస్‌ని దగ్గర్నుంచి చూసింది ఒక్కసారే, అదీ తుపాను రోజున

అందరికీ నమస్కారం, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. గురుడి మీద, శని వలయాల మీద వీడియోలు బోలెడున్నాయి కదా, వాటికి అవతల రెండు మంచు దిగ్గజాలున్నాయి, యురేనస్, నెప్ట్యూన్. అందులో యురేనస్‌కి మాత్రం అన్యాయం జరిగిందని నా గట్టి నమ్మకం, ఎందుకో చెప్తాను.

ఈ రెండింటి దగ్గరికీ ఇప్పటిదాకా వెళ్లింది నాసా పంపిన వాయేజర్ 2 అనే వ్యోమనౌక ఒక్కటే. 1986 జనవరి 24న యురేనస్‌ని, 1989 ఆగస్టులో నెప్ట్యూన్‌ని దాటుకుంటూ పోయింది, ఎక్కడా ఆగలేదు. యురేనస్ దగ్గర ఉన్న ఆ కాస్త సమయంలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిస్తే అన్నీ వింతలే: గ్రహం తిరిగే అక్షానికి దాదాపు 59 డిగ్రీలు వాలి ఉంది, లోపల ప్లాస్మా, అంటే అయాన్లూ ఎలక్ట్రాన్ల లాంటి విద్యుదావేశమున్న కణాల వాయువు, దాదాపు లేదు, ఎలక్ట్రాన్ల రేడియేషన్ మాత్రం విపరీతం. ప్లాస్మా లేదంటే దాని ఉపగ్రహాల నుంచి నీటి అయాన్లేవీ బయటికి రావట్లేదనేగా, అంటే అవి ఎప్పుడో గడ్డకట్టేసి ఉంటాయని అనుకున్నారు.

2024 నవంబరులో కథ మారింది. ఆ పాత డేటానే మళ్లీ తిరగేస్తే, వాయేజర్ చేరే ముందు రోజుల్లోనే సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం, ఉధృతమై ఆ క్షేత్రాన్ని బాగా నొక్కేసిందని, ప్లాస్మా అలా బయటికి పోయి ఉండొచ్చని తేలింది. అలాంటి పరిస్థితి అక్కడ ఉండేది 5 శాతం కంటే తక్కువ సమయమే! 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తీరం దాటిన రోజున, బీచ్ రోడ్డు చూసి వెళ్లిపోయినవాడు వైజాగ్ ఎప్పుడూ ఇలాగే ఉంటుందని రాస్తే మనం ఒప్పుకుంటామా? శాస్త్రవేత్తలనేమీ అనట్లేదు, ఒక్కసారే వెళ్తే దొరికేది అంతే. ఇప్పుడు టైటానియా, ఓబెరాన్ అనే ఉపగ్రహాల అడుగున సముద్రాలున్నాయేమో అన్న ప్రశ్న మళ్లీ లేచింది.

అందుకే అక్కడే ఉండి తిరిగే ఆర్బిటర్ కావాలి. అమెరికా శాస్త్రవేత్తల కమిటీ 2022లోనే దీన్ని పెద్ద మిషన్లలో మొదటి స్థానంలో పెట్టింది. ఆలస్యం చేయడానికి లేదు. యురేనస్ 98 డిగ్రీలు ఒరిగి, సూర్యుడి చుట్టూ 84 ఏళ్లకోసారి తిరుగుతుంది కాబట్టి, 1986లో ఎండ పడింది దక్షిణం వైపే, ఉపగ్రహాల ఉత్తర భాగాలు చీకట్లో ఉండిపోయాయి, వాటి ఫొటోలే మన దగ్గర లేవు. ఇప్పుడు అక్కడ ఎండ ఉంది. 2050 ప్రాంతంలో మళ్లీ చీకటి మొదలవుతుంది. ప్రయాణానికే పన్నెండు, పదమూడేళ్లు పడుతుంది, అంటే ఆ నౌక 2030ల్లోనే బయల్దేరాలి.